ఏరి పంపిన మట్టి

రోజూ తొమ్మిదిన్నరకల్లా బూడిదమ్మ మట్టి పరీక్షల ల్యాబులో కరెంటు కొలిమి మీట నొక్కేది. అది వేడెక్కేలోపు, ముందురోజు ఆరబెట్టిన మట్టి పళ్ళేలు బయటికి తీసి, జల్లించి, ఒక్కో రైతు మట్టిలోంచి ఒక్కో చెంచాడు పింగాణీ గిన్నెలో వేసి తూచేది. ఆ అంకె రాసుకుని గిన్నెలను కొలిమిలో పెట్టి తలుపు మూసేది. మధ్యాహ్నం భోజనాలయ్యాక తీసి, చల్లారనిచ్చి, మళ్ళీ తూచేది. రెండు తూకాల మధ్య ఎంత తగ్గిందో అదే ఆ మట్టిలోని సత్తువ. కుళ్ళిన ఆకులు, చచ్చిన వేళ్ళు, వానపాములు తిని వదిలినవి, కంటికి ఆనని బోలెడు ప్రాణులు, అన్నీ కాలి గాల్లో కలిసిపోతే గిన్నెలో మిగిలేది ఉత్త రాతిపొడి.

"ఎంత ఉండేదో తెలియాలంటే కాల్చి చూడాలి. అదమ్మా మన ఉద్యోగం," అనేవాడు ఆమె పై అధికారి. ఆయన్ని అందరూ తూకం మాస్టారనేవాళ్ళు. టీలో వేసుకునే చక్కెర కూడా కాటా మీద పెట్టి చూసుకునే మనిషి మరి.

బూడిదమ్మ అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడదు. రోజంతా మట్టిని బూడిద చేస్తుంది కాబట్టి బూడిదమ్మ. మొదట్లో ఆ పేరు వింటే మొహం ముడుచుకునేది. పోనుపోను తనే ఫోన్లో, "నేను బూడిదమ్మనండీ, మీ మట్టి ఫలితం వచ్చింది," అని చెప్పడం మొదలుపెట్టింది.

ఏడాదికోసారి, వానలకు ముందు, ఆమె అన్నయ్య దగ్గర్నుంచి బస్సులో ఒక గుడ్డ సంచి వచ్చేది. మిగతా రైతులు మట్టిని చిరిగిన కవర్లలో, పాత పౌడరు డబ్బాల్లో తెచ్చేవాళ్ళు, ఒకాయనైతే చెప్పుల పెట్టెలో తెచ్చాడు. అన్నయ్య సంచి మాత్రం ఉతికి ఆరేసిందై, మూతి దారంతో కుట్టేసి ఉండేది. ఆమె ఆ కుట్లు విప్పగానే, కిటికీలోంచి ఎండ నేరుగా పడే ఆ బల్ల మీద పుస్తకం వెడల్పున నీడ పరుచుకునేది. ఆకులు ఊగే నీడ. తూకం మాస్టారు తన నీళ్ళ సీసా తెచ్చి అందులో పెట్టేవాడు.

"మీ అన్నయ్య మట్టి వచ్చిన రోజు నీళ్ళు కుండలో నీళ్ళలా ఉంటాయమ్మా," అనేవాడు సాయంత్రం సీసా ఎత్తి తాగుతూ.

ఆ నీడ సంగతి చెప్పాలి. పద్నాలుగేళ్ళ కిందట అన్నయ్య ఊరి చివర వాలు మీద అడవి నరికి పోడు కొట్టాడు. నరికిన చెట్లు రెండు నెలలు ఎండాయి. ఒక మధ్యాహ్నం నిప్పు పెడితే మూడు రోజులు కాలింది. నాలుగో రోజు బూడిద చల్లారాక వెళ్ళి చూస్తే చెట్లు లేవు కానీ వాటి నీడ ఉంది. కొమ్మలూ ఆకులతో సహా, అంతకుముందు ఎలా ఉండేదో అలాగే, వాలంతా పరుచుకుని ఉంది. పొద్దు ఎటు తిరిగినా కదిలేది కాదు. మనిషి కూర్చుంటే చల్లగా ఉండేది, మేక పడుకుంటే చల్లగా ఉండేది, పైరుకు మాత్రం ఎండ ఎంత కావాలో అంతా తగిలేది. ఆ చుట్టుపక్కల అలాంటి చేలు ఇంకా రెండు మూడున్నాయి, కాబట్టి ఎవరూ నోరు తెరుచుకుని చూడలేదు. బస్సు డ్రైవరు, "నీడ చేను దగ్గర దిగేవాళ్ళు ముందుకు రండి," అని కేకేసేవాడు. అంతే.

మొదటి ఏడు మొక్కజొన్న మనిషిని మించి ఎదిగింది. రెండో ఏడు చిక్కుడు కోసి కోసి అందరి వేళ్ళూ ఆకుపచ్చగా మారాయి. నాన్న పోయాక ఆ ఇంట్లో ఒక పూట వండుకుని రెండు పూటలు సర్దుకునేవాళ్ళు. ఆ పంటలే ఆ ఇంటి కడుపు నింపాయి, చెల్లెల్ని హాస్టల్లో ఉంచి చదివించాయి. తను తిప్పిన ప్రతి పేజీ వెనక కాలిపోయిన చెట్లున్నాయని బూడిదమ్మకు తెలుసు. అందుకే అన్నయ్య మట్టిని కొలిమిలో పెట్టేముందు మనసులో ఒక దణ్ణం పెట్టుకునేది. మళ్ళీ తలుపు తీసేసరికి గిన్నెలో నీడ జాడ ఉండేది కాదు, తూకంలో అంకె మాత్రం బ్రహ్మాండంగా ఉండేది. 'సేంద్రియ పదార్థం: చాలా ఎక్కువ' అని గుండ్రటి అక్షరాలతో రాసి, ముద్ర వేసి, పంపేది.

అన్నయ్య ఆ కాగితానికి లామినేషన్ చేయించేవాడు. ఆమె ఉద్యోగంలో చేరిన ఆరేళ్ళకు ఆరు కాగితాలు, గోడ మీద తన పెళ్ళి ఫోటోకి అటు మూడు, ఇటు మూడు.

ఈ ఏడు సంచి రాలేదు. ఫోన్ వచ్చింది.

"చెల్లీ, ఈసారి మట్టి పంపట్లేదమ్మా," అన్నాడు అన్నయ్య. "పైన మిగిలిన అడవి ముక్క ఉంది చూడు, అది కూడా తీసేస్తున్నా. చిన్న చెట్లూ పొదలూ కొట్టి పెద్ద చెట్ల మొదళ్ళ చుట్టూ పేర్చాను. అవి బాగా ఎండాయి. సోమవారం నిప్పు పెడతా."

"మరి ఉన్న చేనుకేమైంది?"

"దానికేం? బంగారంలాంటి మట్టి, నువ్వే రాశావుగా. కానీ పంట రావట్లేదు. మూడేళ్ళ నుంచీ విత్తనం మార్చాను, వానని తిట్టాను, మీ వదిన చెయ్యి మంచిది కాదన్నాను. ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు. ఇక కొత్త నేల తియ్యాలి, లేదంటే ఇటుక బట్టీకి పోవాలి. మేస్త్రీ రమ్మంటున్నాడు. వెళ్తే ఎనిమిది నెలలు అక్కడే ఉండాలట."

ఫోన్ పెట్టేశాక బూడిదమ్మకు చేతిలో గిన్నె ఎక్కడ పెట్టాలో తెలియలేదు. మట్టి అంత బాగుండి పంట రాకపోవడమేంటి? తూకం మాస్టారిని సెలవడిగితే ఆయన కళ్ళజోడు తీసి తుడిచి, మళ్ళీ పెట్టుకుని, "మట్టి తీసే గొట్టం పట్టుకెళ్ళు," అన్నాడు.

ఆమె గురువారం మధ్యాహ్నం బస్సు దిగింది. ఎప్పుడొచ్చినా ఏం చేసేదో అదే చేయబోయింది, అంటే గట్టు మీదుగా తిన్నగా నడిచి వెళ్ళి అమ్మ పక్కన నీడలో చతికిలబడబోయింది. కానీ ఈసారి చేతిలో గొట్టం ఉంది. గొట్టం చేతిలో ఉంటే ఆమె కళ్ళు వేరేగా చూస్తాయి.

పద్నాలుగేళ్ళ కిందట రోడ్డు దాకా ఉండే నీడ ఇప్పుడు చేను నడిమధ్యన, ఒక్క చెట్టుకు సరిపడా మిగిలింది. ఒక మడత మంచం, పక్కన ఇద్దరు కూర్చునే చోటు. ఇది ఎవరికీ తెలియని రహస్యం కాదు. ఏడాదికింత చొప్పున నీడ లోపలికి తగ్గుతూ వచ్చింది, వీళ్ళూ దానితోపాటే లోపలికి జరుగుతూ వచ్చారు. "ఒరేయ్, కాళ్ళ మీదకి ఎండొచ్చింది, మంచం లోపలికి లాగరా," అని అమ్మ అంటుంది, అన్నయ్య లాగుతాడు. అలా లాగి లాగి మంచం చేను అంచు నుంచి నడిమధ్యకు వచ్చింది. బూడిదమ్మ కూడా వచ్చినప్పుడల్లా ఆ నీడలో కూర్చుని, తిని, కబుర్లు చెప్పి, లేచి వెళ్ళిపోయిందే తప్ప ఎండలోకి నాలుగడుగులు వేసి చూసింది లేదు.

అమ్మ మంచం మీద కూర్చుని చిక్కుడు గింజలు ఒలుస్తోంది. ఒలిచిన గింజ గిన్నెలోకి, తొక్క కాళ్ళ దగ్గరికి. ఇది అమ్మకు పుట్టుకతో వచ్చిన అలవాటు. ఎంతమంది ఎన్నిసార్లు చెప్పినా తొక్క గంపలో వెయ్యదు. అన్నయ్యకేమో శుభ్రం పిచ్చి. కోత అయిన మర్నాడే మొక్కజొన్న దంట్లు, తీగలు, కలుపు, రాలిన ఆకుతో సహా ఊడ్చి కుప్ప పోసి కాల్చేస్తాడు. అతని చేను అన్నం తినే పళ్ళెంలా ఉంటుందని ఊళ్ళో పేరు. అమ్మ పారేసిన తొక్కలు కూడా రోజూ సాయంత్రం చీపురుతో ఊడ్చి అంటించేవాడు. ఈ పంటకాలం మాత్రం పైన పొదలు కొట్టడం, మంట పక్కకు పాకకుండా చుట్టూ బాట చెక్కడం, వీటితో సరిపోయి అతనికి చీపురు పట్టే తీరిక దొరకలేదు. మంచం కాళ్ళ దగ్గర తొక్కలు మోకాలెత్తున పేరుకున్నాయి.

"చూశావా మీ అమ్మ సంసారం," అన్నాడు అన్నయ్య ఆ కుప్పని చూపిస్తూ. "సోమవారం ఆ పని అయిపోగానే దీని పని పడతా."

"నా జోలికి రాకు," అంది అమ్మ, ఇంకో తొక్క పారేస్తూ.

బూడిదమ్మ ఎండలోకి నడిచి గొట్టం దింపింది. సగం కూడా దిగలేదు. మెలి తిప్పి దింపి, తీసి చూస్తే లోపల మట్టి పొడిపొడిగా, పాలిపోయి ఉంది. పై పొరలో అక్కడక్కడా నల్ల నలుసులున్నాయి.

"చూడు, ఎంత నల్లగా ఉందో," అన్నాడు అన్నయ్య ధీమాగా.

"అది బొగ్గన్నయ్యా. అప్పుడు కాల్చినప్పటిది. అది వందేళ్ళయినా అలాగే ఉంటుంది. పైరుకు తిండి పెట్టేది అది కాదు."

ఆమె చేనంతా వంకరటింకరగా నడిచి పదిహేను చోట్ల మట్టి తీసి ఒకే బక్కెట్లో వేసింది. అన్నయ్య వెనకే నడుస్తూ, "ఉన్నది ఒక్క రోగి, ఇన్ని సూదులెందుకమ్మా," అని వేళాకోళమాడాడు. పదిహేనో చోటికి వచ్చేసరికి ఆమె గొట్టం నేల మీద పెట్టి అతని వైపు తిరిగింది.

"అన్నయ్యా, నువ్వు నాకు పంపే మట్టి ఎక్కణ్ణుంచి తీసేవాడివి?"

"ఎక్కణ్ణుంచేంటి? అదిగో, అమ్మ మంచం పక్కనుంచి."

"ప్రతిసారీనా?"

"ప్రతిసారీ. మంచిది అక్కడే కదా ఉంది. మెత్తగా, చల్లగా, చేతిలోకి తీసుకుంటే ముద్దలా ఉంటుంది. రాళ్ళు ఏరేసి, వేళ్ళు తీసేసి, రెండుసార్లు జల్లించి, అప్పుడు సంచిలో పోసేవాణ్ణి. మీ వదిన సంచి ఉతికి ఇచ్చేది." అతనికి ఆమె మొహం ఎందుకలా మారిందో అర్థం కాలేదు. "చెల్లెలికి పంపేది ఏరి పంపకుండా ఎలా పంపుతానమ్మా? పళ్ళు పంపితే దెబ్బతిన్నవి పంపుతానా?"

బూడిదమ్మకు ముందు నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలో ఉండగానే ఏడుపొచ్చింది. ఎండలో నిలబడి రెండూ కలిపి చేసింది. అందరు రైతులకూ కూర్చోబెట్టి మరీ చెప్తుంది, మట్టి ఒక చోట తీయకండి, పదిహేను చోట్ల తీసి కలపండి, బాగున్న చోటు వెతక్కండి అని. ఆ ముక్క ఫలితం కాగితం వెనక అచ్చు వేసి కూడా ఉంటుంది. సొంత అన్నయ్యను మాత్రం ఒక్కసారీ అడగలేదు. అన్నయ్యనేం అడుగుతాం అనుకుంది.

శుక్రవారం ఆమె రెండు గిన్నెలు తూచింది. ఒకటి అమ్మ మంచం పక్కన తీసిన నీడ మట్టి, ఇంకోటి పదిహేను చోట్ల తీసి కలిపిన చేను మట్టి. నీడ మట్టి సంచి విప్పగానే బల్ల మీద ఎప్పటిలా నీడ పడింది. దాని మూతి కట్టి పక్కన పెట్టి చేను మట్టి సంచి విప్పింది. తూకం మాస్టారు అలవాటుగా సీసా పట్టుకుని వచ్చాడు. బల్ల మీద ఎండ తప్ప ఏమీ లేదు. సీసా చంకలో పెట్టుకుని వెనక్కి వెళ్ళిపోయాడు.

సాయంత్రానికి అంకెలు తేలాయి. నీడ మట్టిలో సత్తువ వందకు ఎనిమిది పాళ్ళు. చేను మట్టిలో ఒకటిన్నర. ఆమె మూడుసార్లు తూచింది. మూడుసార్లూ అంతే.

సోమవారం మొదటి బస్సుకే ఆమె మళ్ళీ వెళ్ళింది. అన్నయ్య ఇంటి ముందు కూర్చుని కర్రకు పాత గుడ్డలు చుడుతున్నాడు. పక్కన కిరోసిన్ డబ్బా ఉంది. వదిన గుమ్మంలో నిలబడి ఎటో చూస్తోంది.

"తప్పు నాదన్నయ్యా," అంది బూడిదమ్మ, కూర్చోకుండానే. కాగితం తీసి చదివింది. ఎలా జరిగిందో చెప్పింది. "మట్టి బాగుందని నేను రాస్తూ పోయాను. బాగుందని నువ్వు చేనుకి ఏమీ పెట్టలేదు, ఉన్నదంతా ఊడ్చి కాల్చేస్తూ పోయావు. ఆరేళ్ళు."

అన్నయ్య లోపలికి తిరిగి గోడ వైపు చూశాడు. పెళ్ళి ఫోటోకి అటూ ఇటూ ఆరు కాగితాలు తళతళలాడుతున్నాయి.

"అయితే అవన్నీ అబద్ధమా?"

"అబద్ధం కాదు. అమ్మ మంచం కింద మట్టికి అవి నిజమే. చేనుకి కాదు."

అతను కోప్పడతాడేమో అనుకుంది. కోప్పడితే బాగుండుననుకుంది కూడా. అతను చుట్టిన గుడ్డ చివర ముడి వేసి, పళ్ళతో బిగించి, "సరే. అయితే పైది కాల్చడం ఒక్కటే దారి," అన్నాడు.

"కాలిస్తే బూడిద ఒక్కసారి కడుపు నిండా పెడుతుంది. నాలుగేళ్ళు. అడవిలో అయితే ఏడాదంతా ఆకు రాలుతుంది, కుళ్ళుతుంది, మట్టిలో కలుస్తుంది. కాల్చాక రాలడానికి ఏముంటుంది? ఉన్న సత్తువంతా ఎండకీ దుక్కికీ హరించుకుపోతుంది. ఆ తర్వాత?"

"నాలుగేళ్ళయితే తింటాం కదమ్మా." అతని గొంతులో ఎత్తిపొడుపు లేదు. "నువ్వు చదువుకున్నది అలాంటి నాలుగేళ్ళ మీదే."

ఆ మాట నిజం. ఆ నాలుగేళ్ళు లేకపోతే ఆమె చేతిలో ఈ కాగితమే ఉండేది కాదు. అన్నయ్య గుడ్డల కర్రను కిరోసిన్‌లో ముంచి, అగ్గిపెట్టె జేబులో వేసుకుని, చేను మీదుగా వాలు ఎక్కడానికి బయల్దేరాడు. ఆడవాళ్ళిద్దరూ అతని వెనకే నడిచారు. పైన పెద్ద చెట్లు కదలకుండా ఉన్నాయి. గాలి కూడా లేదు. నిప్పు పెట్టడానికి అంతకంటే మంచి రోజు ఉండదని ముగ్గురికీ తెలుసు.

నడిమధ్యన మంచం మీద అమ్మ నిద్ర లేచింది.

"ఒరేయ్," అంది, "కాళ్ళు చల్లబడుతున్నాయిరా. మంచం కాస్త లాగు."

అన్నయ్య గుడ్డల కర్రను నేల మీద పెట్టి, పద్నాలుగేళ్ళ అలవాటు కొద్దీ మంచాన్ని లోపలికి లాగాడు.

"అటు కాదురా! ఇటు, ఎండలోకి!" అరిచింది అమ్మ. "చల్లబడుతున్నాయంటే లోపలికి లాగుతాడేంటి, చెవుడొచ్చిందా నీకు?"

అన్నయ్య మంచం పట్టె పట్టుకుని అలాగే ఉండిపోయాడు. పద్నాలుగేళ్ళలో అమ్మ మంచాన్ని బయటికి లాగమనడం అదే మొదటిసారి. అతను వంగి చూశాడు. పోయిన వారం మంచం కోళ్ళ దగ్గర ఆగిపోయిన నీడ ఇప్పుడు కోళ్ళు దాటి అమ్మ పాదాల మీద నుంచి తొక్కల కుప్ప దాకా పరుచుకుని ఉంది. అది పాత చెట్టు నీడలా లేదు. ఆకులు చిన్నవి, లేతవి, అప్పుడే విచ్చినట్టున్నాయి.

అతను మోకాళ్ళ మీద కూర్చుని తొక్కల్ని చేత్తో పక్కకు తోశాడు. పైన ఎండినవి, కింద మెత్తబడినవి, వాటి కింద తొక్కలో మట్టో తెలియనిది. ఆ కిందది మట్టే. నల్లగా, తడిగా, చేతిలోకి తీసుకుంటే ముద్దలా వచ్చింది. అందులోంచి ఒక వానపాము బయటికొచ్చి, వెలుతురు నచ్చక, మళ్ళీ లోపలికి పోయింది. చెల్లెలికి ఏరి పంపేది సరిగ్గా ఇలాంటి మట్టే.

అతను చెయ్యి బార్లా చాపి కోడు దగ్గర్నుంచి నీడ అంచు దాకా కొలిచాడు.

"జానెడు," అన్నాడు. మళ్ళీ కొలిచాడు. "చెల్లీ, జానెడు పెరిగింది."

"నేను ఊడ్చొద్దంటే విన్నావా ఎప్పుడైనా," అంది అమ్మ. ఆమెకు ఏం జరిగిందో తెలియదు, గెలిచానని మాత్రం తెలిసింది.

అన్నయ్య చుట్టూ చూశాడు. పళ్ళెంలా శుభ్రంగా ఉన్న చేను, దాని పైన కొట్టి ఎండబెట్టిన పొదలు, ఆకులు, కొమ్మలు, రెండు నెలల కష్టం. వాటిని కాలిస్తే ఒక్క మధ్యాహ్నం. కిందికి మోసుకొచ్చి పరిస్తే? అతను ఆ లెక్క నోటితో అనలేదు కానీ కళ్ళు పైకీ కిందికీ రెండు మూడుసార్లు తిరిగాయి.

"ఎన్నేళ్ళు పడుతుంది?" అని అడిగాడు చివరికి.

"తెలీదన్నయ్యా," అంది బూడిదమ్మ. తెలియనిది తెలిసినట్టు రాసింది ఆ ఆరేళ్ళు చాలు ఆమెకు. "పోయినంత తొందరగా రాదు. ఈ ఏడు పంట పెద్దగా ఉండదు. వచ్చే ఏడు కూడా అంతే అనుకో."

"మరి తినేదేంటి? అయితే బట్టీయేనా?"

ఇంటి దగ్గర దొరకని జవాబు ఇక్కడ దొరికింది ఆమెకు. "ఈ రెండేళ్ళూ తిండి సంగతి నాకు వదిలెయ్యి."

"చెల్లెలి కష్టం కూర్చుని తినమంటావా నన్ను?"

"నాది కాదు. ఆ చెట్లది." ఆమె నీడ వైపు చెయ్యి చూపించింది. "ఈ చేను చెట్లు కాలి నాకు అన్నం పెట్టాయి, బడికి పంపాయి. నువ్వు నా కోసమే కాల్చావు, నాకు తెలుసు. నిన్ను తప్పు పట్టడానికి నాకు నోరు రాదన్నయ్యా, దణ్ణం పెట్టడానికైతే వస్తుంది. వాటికి తిరిగి పెట్టే రోజు నాకు ఇన్నాళ్ళకి వచ్చింది. వద్దనకు."

పెద్దవాడికి తీసుకోవడం ఎంత కష్టమో అన్నయ్య మెడ చూస్తే తెలుస్తోంది, అటూ ఇటూ తిప్పుతున్నాడు. వదిన ముందుకొచ్చి గుడ్డల కర్ర తీసుకుంది.

"ఒప్పుకోండి," అంది. "రెండు రోజులు మాట్లాడకపోతే ఎలా ఉంటుందో చూశారుగా. ఈసారి రెండు నెలలు."

అతను నవ్వాడు. నవ్వుతూనే మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. జేబులోంచి అగ్గిపెట్టె తీసి, "పొయ్యి దగ్గర పెట్టు," అని వదినకిచ్చాడు. "ఆ చీపురు కూడా నాకు కనపడకుండా ఎక్కడైనా దాచెయ్యి."

తర్వాత పన్నెండు రోజులు ముగ్గురూ కలిసి ఎండిన పొదలనూ ఆకునూ గంపలతో కిందికి మోశారు. బూడిదమ్మ ఉన్న సెలవులన్నీ వాడేసింది. నీడ అంచు నుంచి మొదలుపెట్టి బయటికి, చుట్టలు చుట్టలుగా, చేనంతా మోకాలెత్తున పరిచారు. ఎరువు అంతటా పడేలా మేకల దొడ్డిని వారానికో చోటికి మార్చారు. అన్నయ్యకు ఆ చెత్త చూస్తే నిద్ర పట్టేది కాదు, పేరు పోయిందని బాధపడ్డాడు. దారిన పోయేవాళ్ళు, "ఏంటయ్యా, పళ్ళెం ఎంగిలి పడిందే," అని నవ్వారు. అమ్మ మాత్రం ఊళ్ళో అందరికీ ఇది తన ఆలోచనేనని చెప్పుకుంది. కాదనడానికి ఎవరి దగ్గరా ఆధారం లేదు. వానలు పడ్డాయి. పైన పెద్ద చెట్లు తడిశాయి.

ఆ ఏడు మొక్కజొన్న నడుము దాకే వచ్చింది. బూడిదమ్మ నెలనెలా బియ్యం, నూనె, పప్పు బస్సులో వేసి పంపింది. అన్నయ్య బట్టీకి వెళ్ళలేదు. వదిన మాట్లాడటం మానలేదు.

మళ్ళీ ఏడాది, వానలకు ముందు, ఒక ఉదయం సంచి వచ్చింది. ఉతికి ఆరేసిన గుడ్డ సంచే, మూతి దారంతో కుట్టినదే. విప్పితే లోపల మట్టి గడ్డలు గడ్డలుగా ఉంది. రాళ్ళున్నాయి, కుళ్ళీ కుళ్ళని ఆకు ముక్కలున్నాయి, ఒక విరిగిన గుండీ కూడా ఉంది. పైన మడత పెట్టిన చీటీ ఉంది. అన్నయ్య రాత వంకరటింకరగా నడిచింది: 'చెల్లీ, ఈసారి ఏరలేదు. పదిహేను చోట్ల తీశాను. మంచం దగ్గర తియ్యలేదు. ఉన్నది ఉన్నట్టు పంపుతున్నాను. ఏమీ అనుకోకు.'

బూడిదమ్మ చీటీని రెండుసార్లు చదివి బల్ల వైపు చూసింది. ఎండ పడుతోంది. ఎండ తప్ప ఏమీ లేదు. ఏమీ ఉండదని ఆమెకు తెలుసు, ఒక్క ఏడాదిలో ఏముంటుంది? అయినా చూస్తూ కూర్చుంది. కొలిమి వేడెక్కింది. తూకం మాస్టారు సీసా పట్టుకుని వచ్చి పక్కన నిలబడ్డాడు. ఇద్దరూ కలిసి చూశారు.

"అదిగో," అన్నాడు ఆయన.

సంచి అంచు పక్కన, చిక్కుడాకు అంత నీడ. పలచగా, ఉందా లేదా అన్నట్టుగా ఉంది. కానీ ఊగుతోంది. సీసా అందులో పట్టదు. తూకం మాస్టారు సీసా మూత విప్పి, ఆ మూతను మాత్రం నీడలో పెట్టి వెళ్ళాడు.

బూడిదమ్మ చెంచాడు మట్టి గిన్నెలోకి తీసి, ఎప్పటిలా మనసులో దణ్ణం పెట్టుకుంది. ఈసారి దణ్ణం ఎవరికో తనకే సరిగ్గా తెలియలేదు. చెట్లకా, అమ్మకా, తొక్కలకా, అన్నయ్యకా? అందరికీ కలిపే పెట్టి, తలుపు మూసింది.

సాయంత్రం అంకె వచ్చింది. పోయినేడు ఒకటిన్నర, ఇప్పుడు రెండుకు కాస్త తక్కువ. కాగితం తీసి, గుండ్రటి అక్షరాలతో, 'సేంద్రియ పదార్థం: తక్కువ' అని రాసి, ముద్ర వేసి, సంతకం పెట్టి బస్సుకిచ్చింది.

అన్నయ్య దానికీ లామినేషన్ చేయించాడు. ఆ ఆరింటినీ గోడ మీద నుంచి తీసేసి, పెళ్ళి ఫోటోకి పైన, మధ్యలో, అదొక్కటే తగిలించాడు.